అత్యవసర కాల్స్ మాత్రమే

మూడు వారాలుగా నేనొక దేశస్థాయి సమస్యతో కుస్తీ పడుతున్నాను. ఎవరో వాడి వదిలేసిన, మడతపెట్టి మూసే ఫ్లిప్ ఫోన్ ఒకటి అమ్మకానికొచ్చింది. ఒకే ఒక్క కంపెనీ సిమ్ వేస్తే తప్ప అది పనిచేయదు. ఆ కంపెనీ సిమ్ నా దగ్గర లేదు. కొనాలా, వద్దా?

తేలిగ్గా తీసిపారేసే విషయం కాదిది. స్మార్ట్‌ఫోన్ చెర నుంచి బయటపడాలని నేనెంత గట్టిగా నిశ్చయించుకున్నానో చెబుతాను వినండి. ఫ్లిప్ ఫోన్ల గురించి చదివీ చదివీ ఈ మూడు వారాలూ నా స్మార్ట్‌ఫోన్‌కి రోజుకి రెండుసార్లు చార్జింగ్ పెట్టాను. అర్ధరాత్రి దుప్పట్లో దూరి కూడా చదివాను. వైరాగ్యానికి ఆ మాత్రం సాధన ఉండాలి.

ముందు తాళం సంగతి. కంపెనీ ఫోన్‌ని తక్కువ ధరకో, వాయిదాల మీదో ఇస్తుంది. తీసుకున్నవాడు మర్నాడే ఇంకో కంపెనీకి చెక్కేస్తాడేమోనని దాని భయం. అందుకే ఫోన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో తాళం బిగిస్తుంది. తప్పేం లేదు, అప్పిచ్చినవాడి జాగ్రత్త అది. కానీ వాయిదాలన్నీ తీరిపోయి, కొన్నవాడు ఫోన్‌ని సొరుగులో పడేసి మర్చిపోయినా, తీయమని అడిగేవాడు లేకపోతే తాళం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. జీతం లేదు, సెలవు లేదు, కాపాడటానికి సొత్తూ లేదు. అయినా కాపలా మానదు. ఇంత విశ్వాసపాత్రుణ్ణి నేను మనుషుల్లో చూడలేదు.

ఈ బుల్లి తాళం ప్రభుత్వాల్నే కదిలించింది. అమెరికాలో 2013 జనవరి నెలాఖర్లో ఒక మినహాయింపు గడువు తీరిపోవడంతో, కొత్తగా కొన్న ఫోన్‌కి కంపెనీ అనుమతి లేకుండా తాళం తీయడం కాపీరైట్ చట్టం కింద నేరమైపోయింది. కాపీరైట్! అంటే సొంత ఫోన్‌లో వేరే సిమ్ వేసుకున్నవాడూ, ఇంకొకరి రచన ఎత్తుకొచ్చినవాడూ ఒకే బోనులో పక్కపక్కన నిలబడాలన్నమాట. లక్షమందికి పైగా వైట్‌హౌస్‌కి అర్జీ పెట్టుకున్నారు. చివరికి 2014 ఆగస్టులో ఒబామా ఒక చట్టం మీద సంతకం పెడితే గానీ జనం తమ ఫోన్లు తాము తెరుచుకోలేకపోయారు. తాళం తీసినందుకు డబ్బు గుంజొద్దని కెనడా 2017లో అంది. జపాన్, బ్రిటన్ అయితే 2021లో అసలు తాళం వేసి అమ్మడమే ఆపించాయి. ఇన్ని దేశాలు ఇంత తల బద్దలుకొట్టుకున్నాక నేను మూడు వారాల్లో తేల్చేయాలనడం అన్యాయం.

సరే, తాళం తీయమని ఆ కంపెనీకే ఫోన్ చేశాను. ఫోన్ బాకీ తీరి ఉండాలి, పోయినట్టు ఫిర్యాదు ఉండకూడదు అన్నారు. రెండూ సబబే. మూడోది విన్నాక కాసేపు కూర్చున్నాను. ఆ ఫోన్‌ని కొన్ని నెలలపాటు వాళ్ళ సిమ్‌తోనే వాడి ఉండాలట. అంటే వాళ్ళ కస్టమర్‌ని కాకుండా ఉండాలంటే ముందు వాళ్ళ కస్టమర్‌ని కావాలి. తత్వశాస్త్రం ఎక్కడెక్కడో వెతుక్కుంటాం గానీ, కస్టమర్ కేర్‌లో ఉచితంగా దొరుకుతుంది.

తాళం తీసే కోడ్ అమ్ముతామనేవాళ్ళు వేరే ఉన్నారు. స్టార్ హాష్ సున్నా ఆరు హాష్ నొక్కితే తెరమీద 15 అంకెల ఐఎంఈఐ నంబర్, అంటే ఫోన్ గుర్తింపు సంఖ్య, కనబడుతుంది. అది వాళ్ళకి పంపాలి, డబ్బు పంపాలి, ఆ తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి. తప్పు కోడ్ కొన్నిసార్లు కొడితే చాలా ఫోన్లు ఇక ఏ కోడూ తీసుకోకుండా మొండికేస్తాయి. (ఆ నంబర్ పోయిన ఫోన్ల బ్లాక్‌లిస్ట్‌లో ఉందేమో మాత్రం కొనకముందే చూసుకోండి. ఇదొక్కటే ఈ వ్యాసంలో పనికొచ్చే ముక్క.)

పోనీ తాళం ఊడిందే అనుకుందాం. 2004లో మోటొరోలా రేజర్ అనే ఫ్లిప్ ఫోన్ మీద మనసు పారేసుకున్నవాళ్ళు ఇప్పుడు దాన్ని పాత సామాన్లలోంచి తీసి తుడుస్తున్నారు. పాపం, అది 2జీ ఫోన్. అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 2022లో దాని తర్వాతి తరమైన 3జీకి కూడా మంగళం పాడేశాయి. నేను చూసింది నయం, 4జీదే. కానీ 4జీ మీద మాట వినబడాలంటే వోల్టీ అనే ఏర్పాటు ఉండాలి. కొన్ని కంపెనీలైతే తమ జాబితాలో లేని మోడల్‌కి ఆ భాగ్యం కలిగించవు. తలుపు తీశాక గోడ కనబడటం అంటే ఇదే.

ఇక టైపింగ్. ఒక్కో అంకె మీట మీద మూడు నాలుగు అక్షరాలుండే పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో ‘సరే’ అని కొట్టాలంటే మీటలు పదిసార్లు నొక్కాలి. ‘కుదరదు’కి పదమూడు. మూడు నొక్కులు కలిసొస్తాయని ఆ రోజుల్లో ఎంతమంది ఎన్నిటికి ఒప్పేసుకున్నారో! ‘వస్తున్నా’కి పదహారు. అది కొట్టేలోపు వెళ్ళిపోవచ్చు.

ఇన్ని లోపాలు లెక్కపెట్టుకుని నిన్న సాయంత్రం ఆ ఫోన్ చూడటానికి వెళ్ళాను, వద్దని మర్యాదగా చెప్పి వచ్చేద్దామని. చేతికి తీసుకున్నాను. మడత కీలు కొంచెం వదులైంది. టప్పున మూశాను. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. స్మార్ట్‌ఫోన్‌లో ఎంత కోపమొచ్చినా అద్దాన్ని మెత్తగా నిమిరే కదా కాల్ కట్ చేయాలి! మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాను. అమ్మేవాయన దగ్గాడు.

నా సిమ్ వేసి ఆన్ చేశాను. ‘ఈ సిమ్ చెల్లదు’ అంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను: ‘అత్యవసర కాల్స్ మాత్రమే’.

ఆ నాలుగో ఐదో అంగుళాల... కాదు, అంత కూడా లేని తెర వైపు చాలాసేపు చూశాను. నిన్న నాకొచ్చిన కాల్స్ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అప్పు కావాలా అని నాలుగు. మీ అప్పు మంజూరైందని ఒకటి. ఫోన్ ఎందుకెత్తలేదని అడగడానికి మూడు.

“ముందే చెప్పాను కదండీ, లాక్ ఉందని” అన్నాడాయన నొచ్చుకుంటూ. “కావాలంటే ఇంకొంచెం తగ్గిస్తాను.”

“వేరే ఎవరి కాలూ రాదా?”

“రాదండీ.”

“తర్వాతెప్పుడైనా దానంతటదే తెరుచుకునే ప్రమాదం ఉందా?”

“అబ్బే, లేదండీ. ఎప్పటికీ ఇంతే.”

“తగ్గించక్కర్లేదు, ఇచ్చేయండి” అన్నాను.