తీర్పు రాకుండానే శిక్ష

ర్యూజింక్స్ కూడా పోయింది. 2024 మార్చిలో యుజు, అదే ఏడాది అక్టోబరు ఒకటో తేదీన ఇది. నింటెండో కంపెనీ ఆటల యంత్రం (కన్సోల్) స్విచ్ కోసం చేసిన ఆటలను పీసీలో ఆడించే రెండు ప్రధాన ఎమ్యులేటర్ ప్రోగ్రాములూ ఒకే ఏడాదిలో కనుమరుగయ్యాయి. పూర్తి విచారణ జరిపి ఈ రెండింటిలో ఏది తప్పో, ఎందుకు తప్పో చెప్పిన న్యాయమూర్తి ఒక్కరూ లేరు. యుజుపై ఫిబ్రవరి 26న అమెరికాలోని రోడ్ ఐలాండ్ ఫెడరల్ కోర్టులో నింటెండో దావా వేసింది. వారం తిరిగేసరికి 24 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ర్యూజింక్స్ విషయంలో కోర్టు గడప తొక్కే పని కూడా పడలేదు. నింటెండో నుంచి వెళ్లిన కబురొక్కటే చాలింది.

నింటెండో గోడులో పస లేదనం. 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అనే తన స్విచ్ ఆట 2023 మేలో విడుదల కాకముందే పది లక్షల సార్లకు పైగా అక్రమంగా డౌన్‌లోడ్ అయిందన్నది దాని ఆరోపణ. అది దొంగతనమే.

అయితే దొంగను పట్టుకోవడం వేరు, యంత్రాన్ని పగలగొట్టడం వేరు. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ ఆటలను మ్యాక్ కంప్యూటర్‌లో ఆడించే ప్రోగ్రాము చేసిన కనెక్టిక్స్ కంపెనీపై సోనీ కోర్టుకెక్కితే, 2000లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కనెక్టిక్స్ పక్షానే నిలిచింది. సోనీ ఏం చేసింది? మరుసటి ఏడాది ఆ ప్రోగ్రామునే కొని అటకెక్కించింది. కోర్టులో ఓడి, చెక్కుతో గెలిచింది. ఈ ఎమ్యులేటర్ల వివాదంలో కొత్త మెలిక 1998 నాటి అమెరికా కాపీరైట్ చట్టం డీఎంసీఏ. డిజిటల్ తాళాలను ఛేదించడాన్ని అది నిషేధించింది. స్విచ్ ఆటలకు అలాంటి తాళాలున్నాయి. సొంత డబ్బుతో కొన్న ఆటను, సొంత కన్సోల్ నుంచి తీసిన తాళంచెవులతో పీసీలో ఆడుకుంటే నేరమా? కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఇదే. తేలకముందే రాజీ. రేపు మరో సంస్థ మరో ఎమ్యులేటర్‌పై పడితే చూపించేది తీర్పును కాదు, ఈ రాజీనే. లాయర్ ఫీజుకు భయపడి యుజు కుర్రాళ్లు చేసిన సంతకం అందరి నెత్తినా చట్టమై కూర్చుంటుంది.

ఇక నీతుల మాట. 2018లో సోనీ అమ్మిన ప్లేస్టేషన్ క్లాసిక్ అనే బుల్లి కన్సోల్‌లో పాత ఆటలను ఆడించింది ఔత్సాహికులు రాసిన ఓపెన్ సోర్స్ ఎమ్యులేటరే! నింటెండో తన చందాదారులకు ఇస్తున్న పాత ఆటలూ ఎమ్యులేషన్ మీదే నడుస్తున్నాయి. తాము చేస్తే సంసారం, ఇతరులు చేస్తే వ్యభిచారం.

అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అదే ఏడాది మార్చి 27న తన చేతి కన్సోల్ 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో నింటెండో అమ్మకాలు ఆపేసింది. ఏడాది నిండకుండానే, యుజుతో పాటు 3డీఎస్ ఎమ్యులేటర్ సిట్రా కూడా మూతపడింది. ఆ దుకాణంలో తప్ప మరెక్కడా దొరకని ఆటలు కొనుక్కోవడానికి జనం డబ్బు పట్టుకుని ఎక్కడికి రావాలో నింటెండో ముందు చెప్పాలి. దొంగలంటూ వేలెత్తి చూపడం ఆ తర్వాత.