వానిషింగ్ పాయింట్ గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ వానిషింగ్ పాయింట్ గారి దివ్యసముఖానికి,

డ్రాయింగ్ మాస్టారు బోర్డు మధ్యలో చుక్క పెట్టి "గీతలన్నీ ఇక్కడికే రావాలి" అన్ననాటి నుంచీ మీరంటే భయభక్తులు. దూరానికి పోయే గీతలన్నీ కలిసిపోయినట్టు కనబడే ఆ చుక్కే మీరు. రైలు పట్టాలూ మీ దగ్గరే కలుస్తాయి. నిజంగా కలిస్తే రైలు పడిపోతుందన్న ఇంగితం మాకున్నా, కలపకుండా గీస్తే మార్కులు తెగ్గోసేవారు. బొమ్మ అచ్చం కళ్ళకు కనబడ్డట్టే ఉండాలట. ఎవరి కళ్ళకు? అక్కడే మీతో పేచీ.

మీ పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను. 15వ శతాబ్దం తొలిరోజుల్లో ఫ్లోరెన్స్‌లో బ్రూనెల్లెస్కీ అనే ఆయన పెద్ద చర్చి ఎదుటి బాప్టిస్టరీని (బాప్తిస్మాలిచ్చే మందిరాన్ని) చెక్కపలక మీద చిత్రించి, ఆ పలకకు కన్నం పొడిచాడు. బొమ్మవైపు ఆ కన్నం మసూరుపప్పు గింజంత. చూసేవాడు పలక వెనక నిలబడి, కన్నానికి ఒక కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మను చూడాలి. ఆకాశం ఉండాల్సిన చోట మెరుగుపెట్టిన వెండి. అందులో అసలు మబ్బులే కదిలేవి. అద్భుతమే, కాదనను. కానీ షరతులు చూడండి: రెండో కంటికి పని లేదు, తల కదపకూడదు, ఆయన చూపించిన చోటే నిలబడాలి. ఇన్ని చేస్తే కనబడేదానికి 'ఉన్నదున్నట్టు' అని బిరుదు! 1435లో ఆల్బెర్టీ అనే పండితుడు దూరాన్ని ఇలా బొమ్మలో చూపే ఈ పద్ధతిని, అంటే పర్‌స్పెక్టివ్‌ను, శాస్త్రంగా రాసిపెట్టాక మీకిక ఎదురులేదు. ఒంటికన్ను శుక్రాచార్యుడికైనా ఇంత ధీమా ఉండి ఉండదు.

ఆ తర్వాత ఇటలీ ప్రభువుల నాటకశాలల్లో ఏకంగా కొలువే సంపాదించారు. రంగస్థలం మీది వీధి సరిగ్గా కుదిరేది దొరగారి కుర్చీ నుంచి. పక్కన కూర్చున్నవాళ్ళకు మేడలు ఒరిగిపోయి కనబడ్డా "భేషుగ్గా ఉంది ప్రభూ" అనే ఉంటారు. మన సురభి నాటకాల తెరల మీదా రాజవీధి ఉంటుంది. ఓ మూల కూర్చుంటే అదీ వంకరే. అయినా రాజుగారు ఆ వీధి ముందే దర్జాగా పద్యం అందుకుంటారు, టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడిగినవాడు లేడు.

మన తెలంగాణలో కథల పటాలు గీసే చేర్యాల నకాషీలు మాత్రం మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించిన గుడ్డ మీద ఎర్రటి నేపథ్యం. అందులో దూరంగా ఉన్నవాడు చిన్నగా ఉండడు, కథలో చిన్నవాడు చిన్నగా ఉంటాడు. పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివారు మార్కండేయ పురాణం పటం విప్పి చెబుతుంటే చుట్టూ చేరిన జనంలో ఎవరు ఏ మూలనున్నా కథ ఒరిగిపోదు. దీన్ని పర్‌స్పెక్టివ్ రానివాళ్ళ బొమ్మ అని పెదవి విరిచేవాళ్ళంతా మీ భక్తబృందమే.

పోనీ సైన్సయినా మీ పక్షమా? భూమి సూర్యుడి చుట్టూ తిరిగితే నక్షత్రాలు కాస్తయినా జరిగినట్టు కనబడాలి కదా, కనబడవేం అన్నాడు టైకో బ్రాహీ అనే ఖగోళ శాస్త్రవేత్త. తర్కానికి వంక పెట్టలేం. ఆ జరుగుడు ఆయన పరికరాలకు అందనంత సన్నం. చివరికి 1838లో బెస్సెల్ అనే మరో ఖగోళ శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఆరు నెలల్లో భూమి తన కక్ష్యలో ఈ కొస నుంచి దాదాపు 30 కోట్ల కిలోమీటర్ల అవతలి కొసకు చేరుతుంది కదా, ఆ రెండు చోట్ల నుంచీ హంస మండలంలోని 61 సిగ్నీ తారను చూస్తే వచ్చే తేడాను కొలిచాడు. చూసే చోటు మారితే వచ్చే ఈ జరుగుడుతో లెక్కించే కోణాన్నే పారలాక్స్ అంటారు. అది డిగ్రీలో 11 వేలో వంతు కూడా లేదు. దాంతోనే ఆ తార పది కాంతి సంవత్సరాలకు పైనే ఉందని లెక్కకట్టాడు. ఈనాటి లెక్క 11.4. మీ షరతుల ప్రకారం కదలకుండా నిలబడి ఉంటే, అయ్యా, ఆ అంకె మనకు దక్కేదేనా?

పదవి దిగమనడం లేదు. మీ బొమ్మల కింద 'ఫలానా కుర్చీ నుంచి మాత్రమే' అని ఓ ముక్క వేయించండి. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర్లోలా గబగబా చదివేసినా అభ్యంతరం లేదు.

దీన్ని స్పీడ్ పోస్టులోనే పంపేవాణ్ణి. పోస్ట్‌మ్యాన్ ఎంత ముందుకొస్తే మీరంత వెనక్కి జరుగుతారని తెలిసి, ఇలా బజారున పెట్టాల్సి వచ్చింది.

ఇట్లు,
పక్క సీటు ప్రేక్షకుడు