చూస్తే అరిగిపోతుంది

“వేటాడితే తప్పు, వల వేస్తే తప్పు. ఒడ్డున నడుస్తూ చూస్తే తప్పేమిటి? చూస్తే అరిగిపోతుందా?” అని మొదలయ్యే సందేశం ఒకటి సముద్రతీరంలో నడకలకు వెళ్ళేవారి ఫోన్లలో చాలాకాలంగా తిరుగుతోంది. కాలినడకన వెళ్ళి కళ్ళతో చూసేవారి వల్ల తీరంలోని ఏ ప్రాణికీ నష్టం లేదన్నది దాని సారం. దానికి దన్నుగా ఎనిమిది మాటలు పేర్చారు. నాకే పదిసార్లకు తక్కువ కాకుండా వచ్చింది. పంపినవారిలో పక్షులంటే ప్రాణం పెట్టేవారూ ఉన్నారు. దురుద్దేశంతో పంపితే పట్టించుకునేవాణ్ణి కాదు గానీ, ఇష్టంగా తీరానికి వెళ్ళేవారే దీన్ని నమ్ముతున్నారు, నమ్మి అలాగే నడుస్తున్నారు. కాబట్టి ఒక్కో మాటా తీసుకుంటాను.

“పక్షి ఎగిరితే నష్టమేమిటి? రెక్కలున్నది ఎగరడానికే కదా?”

ఎగరడానికే. ఆ ఎగరడానికయ్యే ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఈ మాట అన్నవారు ఆలోచించలేదు. 2022 అక్టోబరులో గాడ్‌విట్ అనే వలస పక్షి పిల్ల ఒకటి, అయిదు నెలల వయసుది, అలాస్కాలో బయలుదేరి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మానియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు, 11 రోజులు. మధ్యలో ఎక్కడా వాలలేదు, తిండి లేదు. అంత దూరానికీ కావలసిన కొవ్వును బయలుదేరకముందే తీరపు బురదలో వెతుక్కుని ఒంట్లో దాచుకుంది. రెడ్ నాట్ అనే మరో వలస పక్షి అమెరికాలోని డెలావేర్ అఖాతం దగ్గర ఆగి, హార్స్‌షూ క్రాబ్ అనే పీతలాంటి జీవి పెట్టిన గుడ్లు తిని, రెండు వారాల్లో తన బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటుంది. అక్కడినుంచి ఆర్కిటిక్‌కు వెళ్ళాలి. ఆలస్యమైనా, బరువు చాలకపోయినా అక్కడి కొద్దిపాటి వేసవి దాని కోసం ఆగదు.

తిండి ఎప్పుడు పడితే అప్పుడు దొరకదు. చాలా తీరాల్లో 24 గంటల 50 నిమిషాల వ్యవధిలో రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. నీరు వెనక్కి తగ్గి బురద బయటపడినప్పుడే పురుగులూ చిన్న చిన్న నత్తలూ ముక్కుకు అందుతాయి. పోటెక్కితే పళ్ళెం లాగేసినట్టే. అప్పుడవి గుంపుగా ఏదో ఒక ఇసుక దిబ్బ మీదికి చేరి, ముక్కు వీపు ఈకల్లో దూర్చుకుని, ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి. మేత మేసేటప్పుడు లేపితే తినే పూట తగ్గుతుంది. కునుకు తీసేటప్పుడు లేపితే కూడబెట్టిన కొవ్వు కరుగుతుంది. ఒక మనిషి ఒకసారి లేపితే పెద్ద నష్టం లేదు, నిజమే. కానీ ఆ దిబ్బ దగ్గరికి ఆ పూట మనమొక్కరమే వెళ్ళామా?

ఎంతవరకు తట్టుకుంటాయో లెక్క కట్టినవారున్నారు. ఫ్రాన్స్‌లోని సోమ్ నది ముఖద్వారంలో ఆయిస్టర్‌క్యాచర్ పక్షుల మీద 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తిండి పుష్కలంగా ఉండి చలి ఎక్కువగా లేని శీతకాలంలో గంటకు ఒకటి, ఒకటిన్నర సార్లు అలజడి కలిగినా అవి నెగ్గుకొస్తాయి. గడ్డు శీతకాలంలో ఆ హద్దు గంటకు అరసారికి, ఇంకా తక్కువకు పడిపోతుంది. అంటే కరవు కాలంలో ఒక పక్షి రెండు గంటల్లో భరించగలిగేది మహా అయితే ఒకే ఒక్క ఉత్సాహవంతుణ్ణి.

“దగ్గరికి వెళ్ళినా ఎగరలేదంటే మనకు అలవాటు పడ్డట్టే.”

ఈ మాట నేనూ నమ్మాను, నమ్మి ఒక తప్పు చేశాను. కెమెరా కొత్తగా కొన్న రోజుల్లో, ఫోటో కోసం ఒకే గుంపును వరుసగా నాలుగుసార్లు లేపాను. నాలుగోసారి అవి నన్ను బాగా దగ్గరికి రానిచ్చాయి. నన్ను స్నేహితుడిగా ఒప్పుకున్నాయని మురిసిపోయాను. ఆ ఫోటో చాలాకాలం గోడకు వేలాడింది.

తరువాత చదివిన సంగతి ఆ మురిపెం తీర్చేసింది. బ్రిటన్ తీరంలో టర్న్‌స్టోన్ అనే చిన్న పక్షుల మీద జరిగిన ఒక ప్రయోగం 2004లో ప్రచురితమైంది. కొన్ని పక్షులకు కొద్దిరోజులు అదనంగా తిండి వేశారు, కొన్నింటికి వేయలేదు. ఆపైన మనిషి వాటి వైపు నడిచాడు. కడుపు నిండినవి ముందే ఎగిరిపోయాయి. ఆకలిగా ఉన్నవి చాలా దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు. పారిపోయే స్తోమత ఉన్నది పారిపోయింది, లేనిది ఉన్నచోటే ఉండిపోయింది. నన్ను దగ్గరికి రానిచ్చిన పక్షులు ఏ స్థితిలో ఉండి రానిచ్చాయో ఇప్పుడు ఊహించగలను. గోడ మీది ఫోటో తీసేశాను.

“గూళ్ళు చెట్ల మీద ఉంటాయి. ఖాళీ ఇసుకలో నడిస్తే ఏమవుతుంది?”

ఆ ఇసుక ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు? తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుందని చాలామందికి తెలుసు. తీరంలో ఉండే ప్లోవర్లు, టెర్న్‌లు అనే పక్షులు కూడా అంతే. పోటు నీరు అందని ఎగువన, పొడి ఇసుకలో చిన్న గుంట గీసి అందులో రెండో మూడో గుడ్లు పెడతాయి. పుల్లలు లేవు, గోడలు లేవు. గుడ్డు రంగు ఇసుక రంగే, దాని మీద మచ్చలు గులకరాళ్ళ నీడల్లా ఉంటాయి. కళ్ళున్న నక్కను మోసం చేయడానికి తయారైన గుడ్డు, కబుర్లు చెప్పుకుంటూ నడిచే మనకు కనబడుతుందా?

తొక్కడం ఒక్కటే ప్రమాదం కాదు. మధ్యాహ్నపు ఎండలో ఆ గుడ్లను పొదగడమంటే వేడి ఇవ్వడం కాదు, నీడ ఇవ్వడం. తల్లో తండ్రో వాటి మీద నిలబడి గొడుగు పడుతుంది. కొన్ని జాతుల పక్షులు నీటి అంచుకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. మనం అక్కడే తచ్చాడుతూ ఉంటే పక్షి గూటికి రాదు, గుడ్డు ఎండకు ఉడుకుతుంది. మనం ఏమీ ముట్టుకోలేదు, ఏమీ తొక్కలేదు, ఇంటికి వెళ్ళి మంచి నడక నడిచామని చెప్పుకుంటాం.

ఇంకో సంగతి. ఒక రెక్క ఈడ్చుకుంటూ, కుంటుతూ మీ ముందు పోయే పక్షి కనబడితే, పాపం గాయపడిందని వెంట వెళ్ళకండి. అది నటన. గుడ్లో పిల్లలో మీ కాళ్ళకు దగ్గరలో ఉన్నాయని, మిమ్మల్ని అటు లాక్కుపోవాలని చేసే నటన. మీరు వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి వచ్చేయండి. నడక అంతా తడి ఇసుక మీద సాగితే సగం సమస్య ఉండదు. కాళ్ళకు కూడా అదే సుఖం.

“మా కుక్క ఎవరినీ కరవదు.”

కరవనక్కరలేదు. నేల మీద గూడు పెట్టే పక్షికి కుక్కా నక్కా ఒకటే. గొలుసు లేని కుక్క తిన్నగా నడవదు, వాసన పట్టుకుని ఎగువకూ దిగువకూ తిరుగుతుంది. కాలిఫోర్నియాలోని కోల్ ఆయిల్ పాయింట్ దగ్గర స్నోవీ ప్లోవర్లను గమనించినవారికి, కుక్కల వల్ల వాటి సంఖ్యకు మించిన అలజడి కలుగుతోందని తేలింది. దీని మీద ఇంకేమీ చెప్పను. ఈ విషయంలో కుక్కల యజమానులతో వాదించి నెగ్గినవారిని నేను చూడలేదు.

“తాబేలు పిల్లల్ని చేత్తో ఎత్తి సముద్రంలో వదిలితే పుణ్యం. ఫ్లాష్ వాడకపోతే చాలు.”

అన్నింటికంటే ఎక్కువగా నమ్మేది ఇదే, ఎక్కువ హాని చేసేదీ ఇదే. ముందు తల్లి సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కొన్ని తీరాలకు వేలకొద్దీ ఒకేసారి వస్తాయి. ఒడిశాలో గహీర్‌మఠ, ఋషికుల్య, కోస్టారికాలో ఒస్టియోనల్ అటువంటివి. 2015 సెప్టెంబరులో ఒస్టియోనల్‌కు తాబేళ్ళను చూడడానికి జనం విరగబడి వచ్చారు. ఒడ్డంతా మనుషులే. పిల్లల్ని తాబేళ్ళ వీపుల మీద నిలబెట్టి ఫోటోలు తీశారు. చాలా తాబేళ్ళు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. వచ్చినవారిలో వేటగాడు లేడు, అందరూ చూడడానికి వచ్చినవారే.

ఇక పిల్లలు. ఎక్కువగా రాత్రిపూట ఇసుకలోనుంచి పైకి వస్తాయి. సముద్రం ఏ వైపో వాటికి చెప్పేది వెలుతురు. మనుషుల దీపాలు లేని చోట, రాత్రి నేల వైపు నల్లగా ఎత్తుగా, నీటి వైపు తేటగా పల్లంగా కనబడుతుంది. ఆ తేట వైపుకు పాకుతాయి. అక్కడ మనం ఫోను దీపం వెలిగించామంటే సముద్రం ఎక్కడుందో తప్పు చెప్పినట్టే. ఫ్లాష్ క్షణంలో ఆరిపోతుంది, టార్చి ఆరకుండా పిలుస్తూనే ఉంటుంది. ఫ్లాష్ మానేసి టార్చి పట్టుకోవడం ఏ లెక్కన నయమో నాకు అర్థం కాదు.

ఎత్తి వదలడం దయగానే తోస్తుంది. ఆ పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొనే దాని దారిబత్తెం. దానితోనే తీరం దగ్గరి చేపల నోళ్ళు దాటి లోతు నీళ్ళదాకా ఆగకుండా ఈదాలి. ఫోటోల కోసం బకెట్లో ఉంచిన ప్రతి గంటా అది గోడలకు కొట్టుకుంటూ ఆ బత్తెం ఖర్చు చేస్తుంది. తెల్లారాక అందరం చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ వదిలితే, పైన కాకులకూ గద్దలకూ వడ్డించినట్టే. శిక్షణ పొందినవారు అనుమతితో చేసే సంరక్షణ వేరు, దారిన పోతూ చేసే పుణ్యం వేరు. నిజంగా సాయం చేయాలనిపిస్తే పగటిపూట ఒడ్డున పిల్లలు తవ్విన గోతులు పూడ్చండి, ఇసుక కోటలు చదును చేయండి. బొటనవేలంత ప్రాణికి మన లోతైన కాలిముద్రే ఒక అగడ్త.

“ఖాళీ గవ్వలు చచ్చినవే. రాయి తిప్పి చూస్తే నేర్చుకున్నట్టు ఉంటుంది.”

ఖాళీ గవ్వ సన్యాసి పీతకు ఇల్లు. దానికి సొంత పెంకు పొట్ట మీద ఉండదు. పెరిగేకొద్దీ పెద్ద గవ్వ వెతుక్కోవాలి. మంచి గవ్వ ఒకటి ఒడ్డుకు వస్తే దాని చుట్టూ పీతలు చేరి, పెద్దది కొత్తింట్లోకి, దాని పాత ఇంట్లోకి తరువాతిది, ఇలా వరుసగా ఇళ్ళు మారుతాయి. ఒక్క గవ్వ జేబులో వేసుకుంటే ఆ వరుస మొత్తం ఆగిపోతుంది. స్పెయిన్ మధ్యధరా తీరంలో ఒకే ఒడ్డును సుమారు 30 ఏళ్ళ తేడాతో లెక్కించి చూశారు. పర్యాటకులు దాదాపు మూడింతలయ్యారు, గవ్వలు 60 శాతానికి పైగా తగ్గాయి. ఎవరూ బస్తాలు మోసుకుపోలేదు, తలా ఒక గుప్పెడు. అన్నట్టు, వెచ్చని సముద్రాల ఒడ్డున దొరికే అందమైన శంకు ఆకారపు గవ్వల్లో కొన్ని ఖాళీ కావు, లోపలి నత్త విషపు ముల్లు మనిషిని చంపగలదు.

రాయి తిప్పవచ్చు. తిప్పినదాన్ని తిరిగి యథాస్థానంలో, అదే ముఖం కిందికి వచ్చేలా పెట్టాలి. అడుగున ఉన్నవి తేమకూ చీకటికీ బతికేవి, పైన నాచు వెలుతురుకు బతికేది. బోర్లించి వదిలేస్తే రెండూ పోతాయి.

“దగ్గరికి వెళ్ళడం ఇష్టం లేకపోతే డ్రోన్ ఎగరేయండి.”

2021 మేలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత చిత్తడి నేలలో ఒక డ్రోన్ కూలింది. ఎలిగెంట్ టెర్న్‌లు సుమారు 3,000 భయపడి లేచిపోయాయి, తిరిగి గూళ్ళకు రాలేదు. ఇసుక మీద వెయ్యికి పైగా గుడ్లు అనాథలుగా మిగిలాయి. ఆ పక్షులకు అది ఆకాశం నుంచి దిగిన డేగ.

“జనం చూస్తేనే కదా ప్రేమ కలుగుతుంది, ప్రేమ ఉంటేనే కదా కాపాడతారు?”

ఈ ఒక్క మాట దగ్గర నేను ఓడిపోతాను, సంతోషంగానే. కంచె కట్టి అందరినీ ఇంట్లో కూర్చోబెట్టాలనేవారి పక్షం కాదు నాది. పైన చెప్పిన కోల్ ఆయిల్ పాయింట్‌లో స్నోవీ ప్లోవర్లు దాదాపు 30 ఏళ్ళు గూడు కట్టలేదు. అక్కడి తీరాన్ని మూసివేయలేదు. పొడి ఇసుక వైపు ఒక తాడు కట్టారు, పక్కన స్థానిక వాలంటీర్లు నిలబడి వచ్చినవారికి బైనాక్యులర్స్ ఇచ్చి పక్షులను చూపించారు, కుక్కలకు గొలుసు వేయమని అడిగారు. 2001లో ఈ కాపలా మొదలయ్యాక అక్కడ ప్లోవర్లు మళ్ళీ గుడ్లు పొదిగి పిల్లలను చేశాయి. ఆ తాడు దాటడం ఎవరికైనా ఒక్క అడుగు పని. దాటకుండా ఆగినవారూ చూడడానికి వచ్చినవారే. కాబట్టి చూడమనే అంటాను, ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే నా పేచీ.

పక్షుల వెంట నేను నడవడం మానేసి చాలాకాలమైంది. ఆటుపోట్ల పట్టిక చూసుకుని, పోటు నిండడానికి రెండు గంటల ముందు, ఎండ వీపున పడేలా, బురద అంచుకు బాగా ఎగువన ఒకచోట కూర్చుంటాను. నిలబడను, చేతులు ఊపను. నీరు పెరిగేకొద్దీ మేతనేల కుంచించుకుపోతుంది, పక్షులు తమంతట తామే ఇటు జరుగుతూ వస్తాయి. మొదట చుక్కలు, తరువాత ముక్కుల వంపులు, ఆపైన ఒక్కోదాని కాలి రంగు. ఏదైనా ఒకటి మేత ఆపి మెడ నిక్కించి నా వైపు చూసిందా, అక్కడితో నా హద్దు అయిపోయినట్టు. మెల్లగా నాలుగడుగులు వెనక్కి జరుగుతాను. అది తల దించి మళ్ళీ బురదలో ముక్కు పెడుతుంది, పురుగు సాగి తెగకుండా పైకి రావడం కూడా బైనాక్యులర్స్‌లో కనబడుతుంది.