పలకని అక్షరానికి పోయిన మార్కు

నిన్న రాత్రి ఇంట్లో మళ్లీ అదే ఏడుపు. నల్లగొండలో మూడో తరగతి చదివే మా బిడ్డ డిక్టేషన్‌లో నైఫ్‌ను 'ఎన్'తో మొదలుపెట్టింది. మార్కు పోయింది. "నాయినా, పలకని 'కె' ఎందుకు రాయాలె?" అని అడిగింది. ఒకప్పుడు ఇంగ్లండులో ఆ 'కె'ని పలికేవాళ్లు. తర్వాత పలకడం మానేశారు, రాయడం మాత్రం మానలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఇది చెప్పి ఎట్లా ఓదార్చాలి? అదే పిల్ల తెలుగులో పానగల్లు అని ఊరి పేరు చెప్తే తడుముకోకుండా రాస్తుంది.

ఐలాండ్‌లో 'ఎస్' అయితే మరీ అన్యాయం. ఆ మాటలో మొదట 'ఎస్' లేనే లేదు. సంబంధం లేని ఇంకో మాటను చూసి తర్వాత దూర్చారు. ఎప్పుడో ఎవరో చేసిన పొరపాటుకు మా పిల్లలు ఇప్పుడు మార్కులు పోగొట్టుకోవాలా?

ఇట్లాంటి స్పెల్లింగులను మార్చాలని చూడకపోలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు తేలిక స్పెల్లింగులు వాడమని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. అక్కడి చట్టసభ కాంగ్రెస్ అడ్డం తిరిగింది, ఆ పని ఆగిపోయింది.

లండన్ వాళ్లు ఒకరకంగా, అమెరికా వాళ్లు ఇంకోరకంగా పలుకుతారు, మరి ఎవరి నోటి ప్రకారం రాయాలి అంటారు మార్పు వద్దనేవాళ్లు. న్యాయమైన ప్రశ్నే. సైన్‌లో పలకని 'జి' సిగ్నేచర్‌లో పలుకుతుంది, రెండింటి చుట్టరికం తెలుస్తుంది. ఆ 'జి'ని ఉండనీయండి. ఐలాండ్‌లో 'ఎస్' తీసేస్తే ఎవరికి నష్టం?

రేపు మళ్లీ డిక్టేషన్. ఈసారి లిస్టులో నాలెడ్జ్ ఉంది. పిల్లకు ఇప్పటినుంచే టెన్షన్.