కొన్నవాడి పేరు ఏ కేసులో ఉంది?

హైదరాబాద్ బహదూర్‌పురా జూలో ఖడ్గమృగం బురదలోంచి ఒక్కసారి ముక్కు పైకెత్తితే చాలు, ఫోన్లన్నీ లేస్తాయి. ఆ ముక్కు మీది కొమ్ము ఎముక కూడా కాదు. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరాటినే. దాన్ని మందని నమ్మి పొడి చేసుకుని మింగేవాడు, గోళ్లు కొరుక్కుంటే డబ్బులన్నా మిగిలేవి.

ఈ పిచ్చి నమ్మకానికి అస్సాంలో 2013, 2014 సంవత్సరాల్లో ఏటా పాతికకు పైగా ఖడ్గమృగాలు బలయ్యాయి. అలాంటిది 2022లో అక్కడ ఒక్కటి కూడా వేటగాళ్లకు చిక్కలేదు. 1977 తర్వాత అలాంటి ఏడాది అదే మొదటిది. అక్కడి కాజీరంగా నేషనల్ పార్కులో రెండు వందలకు పైగా క్యాంపుల్లో గార్డులు రాత్రింబవళ్లు కాపలా ఉంటారు. బ్రహ్మపుత్ర పొంగితే జంతువులు హైవే దాటి కార్బీ ఆంగ్లాంగ్ కొండలెక్కుతాయి. వేటగాడు కాచుకుని కూర్చునేదీ అప్పుడే, గార్డుకు కంటి మీద కునుకు లేనిదీ అప్పుడే. పోలీసులు, అటవీ శాఖ కలిసి టాస్క్‌ఫోర్స్‌గా పనిచేశారు. ట్రెజరీల్లో ఏళ్లుగా మూలుగుతున్న 2,479 కొమ్ములను 2021 సెప్టెంబర్ 22న బోకాఖాట్‌లో ప్రభుత్వమే తగలబెట్టింది. వీటికి విలువ లేదని అంతకంటే గట్టిగా ఎలా చెబుతారు? అయినా 2023లో మళ్లీ కొమ్ము కోసేసిన కళేబరం దొరికింది. కొనేవాడు ఇంకా ఎక్కడో ఉన్నాడన్నమాట.

అస్సాం సంగతి హైదరాబాద్‌కెందుకు అనుకోవద్దు. మన దగ్గర ఖడ్గమృగాలు జూలోనే ఉన్నాయి గానీ, కొనేవాళ్లకు కొదవ లేదు. అదృష్టం కలిసొస్తే నక్క తోక తొక్కాడంటాం. మాటతో ఆగితే బాగుండేది, ‘నక్క కొమ్ము’ పర్సులో పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని అక్వేరియం పక్కన తొట్టెలో పెంచుతారు. ఇక రెండు తలల పాము కథ వేరే. దానికి నిజంగా ఉన్నది ఒకే తల. మొద్దుగా ఉండే తోకకు కాల్చి గాట్లు పెట్టి, రెండో తలని చూపించి కోట్ల బేరం మాట్లాడతారు. చదువుకున్నవాళ్లే అడ్వాన్స్ ఇస్తారు!

పట్టుబడేది మాత్రం బైక్ మీద గోనెసంచితో వచ్చిన కుర్రాడు. బేరమాడిన పెద్దమనిషి ఫోన్ స్విచాఫ్ చేసుకుని హాయిగా ఇంట్లో ఉంటాడు. ఎక్కువ రక్షణ ఇవ్వాల్సిన జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు అంటోంది వన్యప్రాణి చట్టం. చట్టం దృష్టిలో కొన్నవాడూ నేరస్తుడే. ఆధారాలు దొరకవన్న సాకూ చెల్లదు. అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్‌లో మాంసం ముక్కో, గోరో, నాలుగు వెంట్రుకలో ఇస్తే డీఎన్‌ఏ చూసి అది ఏ జంతువుదో తేల్చేస్తారు. ఎక్కడెక్కడి కేసుల నమూనాలో మన ఊరికే వస్తుంటే, మన ఊళ్లో కొన్నవాళ్లను మనం వదిలేస్తున్నాం.

కుర్రాడి ఫోన్‌లో కాల్ రికార్డులుంటాయి, డబ్బు పంపిన వివరాలుంటాయి. అవి పట్టుకుని వెనక్కి వెళ్లి, కొనేవాడిని కూడా నిందితుల జాబితాలో చేర్చాలి. గత అయిదేళ్లలో పెట్టిన వన్యప్రాణి కేసుల్లో ఎన్ని శిక్ష దాకా వెళ్లాయో అటవీ శాఖ బయటపెట్టాలి. దొరికిన తాబేళ్లను టేబుల్ మీద పరిచి ఫొటోలు దిగే అధికారులు, శిక్ష పడిన రోజు కూడా ప్రెస్‌మీట్ పెట్టాలి. ఆ వార్త మేము మొదటి పేజీలో వేస్తాం.