తుమ్ము బరువు ఎన్ని పౌండ్లు?

తుమ్ము బరువు ఎన్ని పౌండ్లో తెలిసిన పెద్దలెవరైనా ఉంటే దయచేసి చెప్పాలి. మామూలు తుమ్ము కాదు, కొండ రాక్షసుడి తుమ్ము. సీసాలో పట్టి, బిరడా బిగించి, పైన మైనం కూడా పూశాం. సీసా బరువు అడగడం లేదు, అది మాకు తెలుసు. లోపలి సరుకు బరువే తేలడం లేదు. అది తేలితే గాని సేవ్ బటన్ నొక్కనివ్వనంటోంది మా డిజిటల్ క్యారెక్టర్ షీటు, అంటే మేం ఆడే కథల ఆటలో ఒక్కో పాత్ర బలం, సామాను లెక్క రాసుకునే డిజిటల్ చిట్టా.

డిజిటల్ షీటు వాడేవాళ్లు ఈపాటికే పళ్లు కొరుకుతూ ఉంటారు. వాళ్లకి వివరించక్కర్లేదు. వాడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో డీఎం (డంజన్ మాస్టర్) కథ నడుపుతాడు, ఆడేవాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు, అనుమానం వచ్చినచోట డైస్ తీర్పు చెబుతుంది. ఒక పోట్లాట మధ్యలో రాక్షసుడికి తుమ్ము వచ్చింది. మా జట్టులో రోగ్, అంటే దొంగ పాత్ర, ఆడే మిత్రుడు "దాన్ని ఈ ఖాళీ సీసాలో పట్టొచ్చా?" అన్నాడు. డీఎం "పట్టు చూద్దాం" అన్నాడు. ఇరవై ముఖాల డైస్ మీద సరిగ్గా ఇరవై, అంటే అన్నిటికన్నా పెద్ద అంకె, పడింది. అందరం లేచి అరిచాం. బిరడా తీస్తే ఎదురుగా ముప్పై అడుగుల దూరంలో ఏమున్నా కొట్టుకుపోతుంది, ఒక్కసారికే పనిచేస్తుంది అని డీఎం అక్కడికక్కడే తేల్చేశాడు. ఇంత గొప్ప వస్తువు పుట్టడానికి నిమిషం కూడా పట్టలేదు.

అప్పుడెవరో అన్నారు, "షీటులో ఎక్కించు" అని.

షీటు పాండిత్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్ దానికి కంఠతా వచ్చు. ఇరవై బాణాలు ఒక పౌండు, కాబట్టి ఒక్క బాణం 0.05 పౌండు అని టక్కున లెక్క కడుతుంది. యాభై అడుగుల జనపనార తాడు 10 పౌండ్లు, పట్టుతాడైతే 5. పది అడుగుల కర్ర 7. వెయ్యి ఇనుప గుళ్ల సంచి 2. నాణేలు యాభైకి ఒక పౌండు, అవి రాగివైనా ప్లాటినంవైనా సరే, ఈ విషయంలో లోహశాస్త్రం తన అభ్యంతరాలను తన దగ్గరే ఉంచుకోవాలి. పాత్ర బలాన్ని 15తో గుణిస్తే మోయగలిగిన పౌండ్లు వస్తాయి. నా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) బలం 8, అంటే 120 పౌండ్ల దాకా మోస్తాడు. దాటితే ఎర్ర అక్షరాలు వెలుగుతాయి. ఆ హద్దును మా టేబుల్ దగ్గర ఎవరూ పట్టించుకోరు. షీటు ఒక్కటే పట్టించుకుంటుంది.

ఇంత తెలిసిన షీటు ముందు తుమ్మును పెట్టాం. మనం సొంతంగా కల్పించిన వస్తువుల కోసం "కస్టమ్ ఐటమ్ చేర్చు" అని ఒక మూల సిగ్గుపడుతున్నట్టు చిన్న బటన్ ఉంది. నొక్కితే ఫారం వచ్చింది. పేరు రాశాం. బరువు దగ్గర సున్నా కొట్టాం. "సరైన విలువ ఇవ్వండి" అంది. 0.01 కొట్టాం. దాన్ని తనే సున్నా చేసుకుని, మళ్లీ "సరైన విలువ ఇవ్వండి" అంది. చివరికి 1 కొట్టాం. కాబట్టి అధికారికంగా రాక్షసుడి తుమ్ము ఇరవై బాణాలంత బరువు, యాభై నాణేలంత బరువు.

తర్వాత రకం. ఆయుధమా, కవచమా, సామగ్రా, ఇతరములా? కొట్టుకుపోయేలా చేస్తుంది కదా అని ఆయుధం ఎంచుకున్నాం. ఒంటిచేతి ఆయుధమా రెండుచేతుల ఆయుధమా అని అడిగింది. తుమ్మేటప్పుడు చేతులు ఎక్కడ ఉండాలనేది మర్యాదకు సంబంధించిన విషయం తప్ప పోరాటానికి సంబంధించింది కాదని దానికి ఎవరు చెబుతారు? వెనక్కి వచ్చి ఇతరములు ఎంచుకున్నాం. ఇక అసలు సంగతి, అంటే ముప్పై అడుగులు, ఒక్కసారే, అనేది ఎక్కడ రాయాలి? వివరణ పెట్టెలో. ఆ పెట్టెలో రాసింది షీటు చదవదు. అక్కడ తుమ్ము మహిమ రాసినా, మీ బావగారి మీద ఫిర్యాదు రాసినా దానికి ఒకటే.

అందుకే మా షీట్ల నిండా మారువేషాలు. విరిగిన స్టూలు కాలితో కొట్టాలంటే, ముందు షీటులో సిద్ధంగా ఉన్న వస్తువుల జాబితాలోంచి ఒక దుడ్డుకర్ర తీసుకుని దానికి "స్టూలు కాలు" అని పేరు మార్చాలి. అప్పుడే దెబ్బ వేసే బటన్ వస్తుంది. సంచులది మరీ ఘోరం. డీఎం మాకు ఒక ఏనుగు తోలు సంచి ఇచ్చాడు. కస్టమ్ ఐటమ్‌గా చేర్చాం. అందులో ఏమీ పెట్టనివ్వదు! జాబితాలో ఉన్నదే సంచి, మనం చేర్చినది సంచి అనే పేరు గల ఒక ఇతర వస్తువు. దానిలో పెడదామనుకున్న ప్రతి వస్తువూ కిందపడి నా విజార్డ్ వీపు ఎక్కి కూర్చుంటుంది. ఎర్ర అక్షరాలు సరేసరి.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు వైభవం చూడాలంటే కస్టమ్ ఐటమ్‌ను ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి ఇవ్వాలి.

ఎదురుగా ఎర్ర డ్రాగన్. నోరు తెరిచింది. అది ఊదితే పద్దెనిమిది డైస్‌ల నిప్పు, వాటి మీద ఎన్ని పడితే అంత దెబ్బ. డీఎం రెండు గుప్పెళ్లలో ఆ పద్దెనిమిదీ పట్టుకుని రెడీగా ఉన్నాడు. ముందు వరసలో మా క్లెరిక్, అంటే పూజారి పాత్ర. తుమ్ము సీసా వెనక ఉన్న రోగ్ దగ్గర. రోగ్ "ఇదిగో, అందుకో" అన్నాడు. రూల్స్ ప్రకారం ఒక రౌండు అంటే ఆరు సెకన్లు, చేతిలో వస్తువు అందివ్వడం అందులో ఒక మూలకి సరిపోయే పని. బాణాలైతే షీటులో కూడా ఒక్క నొక్కుతో అవతలి వాళ్ల దగ్గరికి వెళ్లిపోతాయి. కస్టమ్ ఐటమ్‌కి ఆ భాగ్యం లేదు. రోగ్ తన షీటులో దాన్ని చెరిపేయాలి, క్లెరిక్ తన షీటులో మొదటినుంచీ కొత్తగా పుట్టించాలి.

ఎవరు ముందు? రోగ్ ముందు చెరిపేస్తే, క్లెరిక్ ఫారం నింపేదాకా ఆ తుమ్ము సృష్టిలో ఎక్కడా లేదు. క్లెరిక్ ముందు పుట్టిస్తే కాసేపు రెండు తుమ్ములున్నాయి. రెండున్నప్పుడు రెండూ వాడుకోవచ్చు కదా అని నేను ఒక న్యాయమైన ప్రశ్న లేవనెత్తాను. బార్డ్ (పాటలు పాడే పాత్ర) నన్ను సమర్థించింది. డీఎం ఒప్పుకోలేదు. డ్రాగన్ నోరు తెరిచే ఉంది. రోగ్ వివరణ పెట్టెలోది గట్టిగా చదువుతున్నాడు, క్లెరిక్ ఫోన్లో కొడుతోంది. "ముప్పై అడుగులు... ఒక్కసారే... బిరడా తీయడానికి ఒక యాక్షన్..." "ఆగు ఆగు, బరువెంత వేశారు?" "ఒకటి." "తుమ్ముకి ఒక పౌండా?" "అదొక కథ, ముందు కొట్టు." పాపం డ్రాగన్‌కి దవడలు నొప్పి పుట్టి ఉంటాయి.

క్లెరిక్ వంతు వచ్చింది. ఆవిడ షీటు చూసుకుని, గొంతు సవరించుకుని, గంభీరంగా చదివింది: "నేను బిరడా తీసి రాక్షసుడి తమ్ముడిని బయటికి వదులుతున్నాను."

డీఎం పద్దెనిమిది డైస్‌లూ మెల్లగా కింద పెట్టాడు. "ఎవరిని?"

ఫోన్ కీబోర్డు తనకు తోచిన సవరణ తాను చేసింది. తుమ్ము పోయి తమ్ముడు వచ్చాడు. మేం అది తప్పు అని మొరపెట్టుకున్నాం. డీఎం వినలేదు. షీటులో ఏముంటే అదే నిజం అని మీరే కదా మూడు నెలలుగా నాతో వాదిస్తున్నారు అన్నాడు. దానికి జవాబు లేదు. సీసాలోంచి పదహారు అడుగుల రాక్షసుడు లేచి నిలబడ్డాడు. షీటు ప్రకారం బరువు ఒక పౌండు. ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న: "మా అన్నయ్య ఏడీ?" ఆ ప్రశ్నకు జవాబు డ్రాగన్ కూడా ఆసక్తిగా వినడానికి సిద్ధపడి నోరు మూసింది. ఆ విధంగా మేం బతికిపోయాం.

తమ్ముడు ఇప్పుడు మాతోనే తిరుగుతున్నాడు. మాయ సంచి అయిన బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్‌లో పెడదామా అంటే, అది 500 పౌండ్ల దాకా మోస్తుంది గాని, ఊపిరి తీసుకునే ప్రాణి అందులో పది నిమిషాలే బతుకుతుంది. క్లెరిక్ షీటులో ఆయన ఇతరములు కింద ఉన్నాడు, సంఖ్య 1. పక్కనే "ధరించు" అని ఒక గడి ఉంది. అందులో ఎవరూ టిక్ పెట్టలేదు, పెట్టకూడదని తీర్మానం కూడా చేసుకున్నాం.

ఇంతవరకూ సరదాగానే భరించాను. గంట దగ్గర మాత్రం నా వల్ల కాదు.

మా టేబుల్‌లో ఒక మిత్రుడు ముసలి పడవవాడి పాత్ర ఆడేవాడు. ఒక వంతెన దగ్గర మేమంతా దాటేదాకా నిలబడి, ఆ పాత్ర చనిపోయింది. పోయేముందు తన పడవ గంట నా విజార్డ్‌కి ఇచ్చింది. మిత్రుడు నా షీటు తీసుకుని దాని వివరణ తనే రాశాడు. ఏ నదిలో వాడింది, పొగమంచులో ఎన్ని సార్లు కొడితే ఏమని అర్థం, దాని అంచు ఎందుకు నొక్కుకుపోయింది, ఎవరిని దాటించలేకపోయాడు. అన్నీ తన మాటల్లో. తర్వాత అతనికి ఆటకు టైం కుదరక మానేశాడు. ఆ పాత్రకు మిగిలింది ఆ రాత ఒక్కటే. షీటు కస్టమ్ ఐటమ్‌లను ఎలా చూస్తుందో తెలుసు కాబట్టి, క్షేమంగా ఉంటుందని జాబితాలో ఉన్న మామూలు గంట తీసుకుని, పేరు మార్చి, దాని కిందే రాయించాను.

షీటుకు కొత్త వెర్షన్ వచ్చింది. జాబితా వస్తువులన్నీ భద్రంగా కొత్త ఇంటికి చేరాయి. మార్చిన పేర్లు మాత్రం రాలేదు. కింద రాసుకున్నవి రాలేదు. తెరిచి చూస్తే ఉన్నది: "గంట. 1 బంగారు నాణెం. బరువు లేదు."

బరువు లేదట!

కర్ర ఏడు పౌండ్లని మర్చిపోలేదు. పట్టుతాడు ఐదు పౌండ్లని మర్చిపోలేదు. ప్రపంచంలో ఏ టేబుల్ దగ్గరైనా ఎవరి దగ్గరైనా దొరికే సరుకును పువ్వుల్లో పెట్టి కాపాడింది. ఒక మనిషి కూర్చుని రాసిన పది వాక్యాలను, ఇంకెక్కడా కాపీ లేని వాక్యాలను, చెత్త కింద ఊడ్చేసింది. అడగను కూడా అడగలేదు. ఊహ మీద నడిచే ఆటకు షీటు తయారుచేస్తూ, ఊహించి రాసిన ప్రతి అక్షరాన్నీ "ఇతరములు" అనే కొట్లో పడేయాలని నిర్ణయించిన ఆ మహానుభావుడు ఎవరు? జీవితంలో ఒక్కసారైనా ఈ ఆట ఆడాడా? ఇంకొకళ్లు అమ్మిన కత్తి మాత్రం వస్తువు, మేం కల్పించుకున్నది వ్యాఖ్య! ఎవరైనా ఖరీదు కట్టినదాన్నే కదా ఆ డేటాబేస్ వస్తువుగా గుర్తించేది. ఒళ్లు మండిపోతోంది.

సహాయ విభాగానికి రాశాను. మర్యాదగా జవాబిచ్చారు. ఆటగాళ్లు చేర్చిన వివరాలకు తమ పూచీ లేదట, అసౌకర్యానికి చింతిస్తున్నారట, జాబితాలో అదే తరహా వస్తువు ఉంటే దాన్ని ఎంచుకోమని సలహా. జాబితాలో వేణువు ఉంది, ఒక పౌండు, రెండు బంగారు నాణేలు. గంట కన్నా ఖరీదైనదే ఇస్తున్నారు, కాదనడం ఏం మర్యాద?

ఇప్పుడు మా బార్డ్ ఒక మామూలు ఫైలు తెరిచి అందరికీ పంచింది. ఏ వస్తువు, ఎవరి దగ్గర ఉంది, ఏం చేస్తుంది, అంతే. ఒకరి నుంచి ఒకరికి ఇవ్వాలంటే పేరు మార్చితే చాలు, డ్రాగన్ ఆవులించేలోపు అయిపోతుంది. గంట కథ మిత్రుడికి ఫోన్ చేసి మళ్లీ రాయించాం. గుర్తున్నంత చెప్పాడు, అన్నీ గుర్తులేవు. డిజిటల్ షీటును పూర్తిగా వదల్లేదు, బాణాల లెక్క దానికే అప్పగించాం. ఆ పనిలో దాన్ని మించింది లేదు.

బరువు గడి ఉంచాలా వద్దా అని మాత్రం పెద్ద చర్చ జరిగింది. ఆట మొదట అచ్చయిన 1974 నాటి రూల్స్‌లో బరువులన్నీ బంగారు నాణేల లెక్కలో ఉంటాయి. అందులో తాళ్లు, మేకులు, సంచులు, ఇంకా ఏవేవో అన్నీ కలిపి ఒకే పంక్తిలో పడేసి, 80 నాణేల బరువు అని రాసి ఊరుకున్నారు. డీఎం అది చదివి వినిపించాడు. గంటకి, సీసాకి, ఏనుగు తోలు సంచికి, అన్నిటికీ ఎదురుగా 80 అని కొట్టాం. తమ్ముడు తనకు 90 వేయమని అడిగాడు, వేశాం.