సవరణ: లెక్క దాగినంత మాత్రాన జవాబు నమ్మదగినది కాదు

బ్లైండ్ క్వాంటమ్ కంప్యూటింగ్ (మన లెక్క ఏమిటో తెలియనివ్వకుండా దాన్ని వేరొకరి క్వాంటమ్ కంప్యూటర్‌తో, అంటే సర్వర్‌తో, చేయించుకోవడం) మీద గత పోస్టులో "మన లెక్క ఏమిటో సర్వర్‌కు తెలియదు కాబట్టి అది ఇచ్చిన జవాబును నమ్మవచ్చు" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. ఆ "కాబట్టి" నిలవదు.

2009లో బ్రాడ్‌బెంట్, ఫిట్జ్‌సైమన్స్, కషెఫీ అనే పరిశోధకులు ఇచ్చిన పద్ధతినే చూడండి. మనం ఒక్కో క్యూబిట్‌నీ (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటిది) ఎనిమిది కోణాల్లో ఏదో ఒకదానిలో, మనకు మాత్రమే తెలిసేలా, తయారుచేసి పంపుతాం. సర్వర్ వాటిని ఎంటాంగిల్ చేసి (ఒకదానితో ఒకటి ముడివేసి), మనం చెప్పిన కోణంలో కొలుస్తుంది. ఆ చెప్పే కోణంలో మన రహస్య కోణం కలిసే ఉంటుంది, ఫలితాన్ని తిరగేసే రహస్య బిట్ కూడా. లెక్క ఎంత పెద్దదో తప్ప సర్వర్‌కు ఇంకేమీ అందదు. కానీ అది అసలు కొలవకుండా తోచిన బిట్లు పంపితే? గుట్టు భద్రం, జవాబు చెత్త.

దీనికి విరుగుడు ఉచ్చు క్యూబిట్లు. ఒక క్యూబిట్ చుట్టుపక్కల వాటిని 0 లేదా 1 స్థితిలో పంపితే అది ఎవరితోనూ ముడిపడదు, దాని ఫలితం మనకు ముందే తెలుసు. ఏది ఉచ్చో తెలియని సర్వర్ లెక్కను చెడగొడితే దొరికిపోయే అవకాశం ఉంటుంది. అంటే గోప్యత ఇక్కడ నిజంగానే అక్కరకొస్తుంది, కానీ ఉచ్చును దాచడానికి. నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

ఇంకొకటి: మన దగ్గర క్వాంటమ్ పరికరం తప్పనిసరి అన్నదీ మార్చాను. సర్వర్ జవాబును మామూలు కంప్యూటర్‌తోనే తనిఖీ చేయవచ్చని 2018లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఊర్మిళా మహదేవ్ చూపారు. అయితే అది, ఎల్‌డబ్ల్యూఈ అనే గణిత సమస్య క్వాంటమ్ కంప్యూటర్లకూ కఠినమే అన్న ఊహ మీద ఆధారపడింది. 2009 నాటి గోప్యతకు అలాంటి ఊహ అక్కర్లేదు.